మీరు వెతుకుతున్నది ఇదేనా

ఆగస్టు 11

ఇవాళ కూడా బొంగు చికెనే వచ్చింది.

నేను కొట్టింది "బోధన్ భోంగా". నెట్టు తనంతట తానే సర్దుకుని "మీరు వెతుకుతున్నది ఇదేనా: బొంగు చికెన్" అని అడిగింది. కాదు తల్లీ అని కింద చిన్న అక్షరాల్లో ఉన్న నా మాటనే నొక్కాను. మళ్ళీ అదే చికెన్, ఈసారి హోటల్ ఫోటోలతో. దాని కింద ఇంటికి తెచ్చిచ్చే కంపెనీల ప్రకటనలు. భోంగా అంటే చక్కెర ఫ్యాక్టరీ సైరన్ అని బోధన్‌లో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలిసేది అనాలేమో. ఫ్యాక్టరీ మూతపడ్డాక పుట్టిన వాళ్ళకు ఏం తెలుస్తుంది.

నిరుడు దాకా ఈ రెండు మాటలు కొడితే చాలు, అన్నిటికన్నా ముందు తమ్ముడు శివ పేజీయే వచ్చేది. అందుకే దాని అడ్రసు ఎక్కడా పెట్టుకోలేదు. సొంత ఇంటి అడ్రసు ఎవరైనా రాసి పెట్టుకుంటారా.

నెట్టు స్లో ఉందేమో. రేపు చూస్తాను.

ఆగస్టు 12

స్లో లేదు.

ఆగస్టు 14

పొద్దున అవ్వ చాట ముందేసుకుని బీడీలు చుడుతూ ఉన్నట్టుండి చేతులు ఆపింది. అవ్వ చేతులు ఆగడం నేను ఎప్పుడో గాని చూడను. ముచ్చట చెబుతూ, టీవీ చూస్తూ, నన్ను తిడుతూ కూడా చుడుతూనే ఉంటుంది.

"సుమా, వాని గొంతు యాదికొస్తలేదే."

ఎవరి గొంతని నేను అడగలేదు. అవ్వ కన్నకొడుకు శివ పోయి రెండేళ్ళు దాటింది.

"మొఖం గోడ మీదున్నది, రోజు సూస్తున్న. నడుసుడు యాదికున్నది, తినుడు యాదికున్నది. గొంతే వస్తలేదు. నిన్నటి సంది యాది జేస్కుంటున్న."

వాడి రికార్డింగ్ పెట్టనా అవ్వా అని మొదటి ఏడాది ఎన్నిసార్లు అడిగానో. వద్దు, నా పానం తట్టుకోదు అనేది. నేనే పనిచేసే నెట్ సెంటర్లో ఎవరూ లేనప్పుడు చెవుల్లో పెట్టుకుని వినేదాన్ని. ఇప్పుడు తనంతట తాను అడుగుతోంది.

"పెత్రమాస నాడు వాని పేరు మీద బియ్యం ఇస్తం గద. గా దినం ఒక్కపారి ఇనిపియ్యి బిడ్డా. గొంతు యాదిలేకుంట బియ్యమిస్తే ఎవలికో ఇచ్చినట్టున్నది."

"గంతేనా అవ్వా, ఇనిపిస్త" అన్నాను. బీరువాలో ఉంది, తీసి ఇస్తాను అన్నట్టు. పెద్దల అమావాస్యకు ఇంకా నెల పైనే ఉంది.

ఆగస్టు 15

సెలవు. సెంటర్ మూసి ఉంది. ఇంట్లో ఫోన్‌లో వెతికాను. ఫోన్‌లో ఇంకా ఘోరం. తెర సగం దాకా ప్రకటనలే, వేలు పెడితే చాలు ఏదో ఒకటి కొనమంటుంది.

శివకు నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేవాడు. నన్ను పిలవాలన్నా అ, అ, అక్కా అనేవాడు. అందుకే ఫోన్లో మాట్లాడేవాడు కాదు, వాయిస్ మెసేజులు పంపేవాడు కాదు, అన్నీ టైపు చేసేవాడు. పెళ్ళిళ్ళలో వీడియో తీసేవాడు దగ్గరికొస్తే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేవాడు. ఫ్యాక్టరీలో పని చేసినవాళ్ళ దగ్గరికి తిరిగి, వాళ్ళ ముచ్చట్లు రాసి నెట్టులో ఒక పేజీ పెట్టాడు. అన్నీ రాతలే. ఒక్క భోంగా గురించి మాత్రం తనే మాట్లాడి పెట్టాడు. కింద ఆ మాటలే మళ్ళీ రాశాడు, నత్తి లేకుండా. ఎందుకు మాట్లాడావురా అంటే, రాస్తే చప్పుడు రాదు గదక్కా అన్నాడు.

ఆ ఒక్కటే వాడి గొంతు. వాడి ఫోను, వాడు పోయిన రోజే, ఎడపల్లి దగ్గర లారీ కింద బండితో పాటే పోయింది.

ఆగస్టు 20

వేల్పూర్ నుంచి రాజలింగు అనే పసుపు రైతు పాసుబుక్కు జిరాక్సుకు వచ్చాడు. జేబులోంచి మడిచిన ఆకు తీసి బల్ల మీద పరిచాడు. గోధుమరంగు మచ్చలు.

"నెట్ల కొట్టి ఏం మందు కొట్టాలెనో సూడు బిడ్డా. నువ్వు మంచిగ ఎతుకుతవంట గద."

అవును, నాకు ఆ పేరుంది. బస్టాండు వెనక రాజారాం సార్ సెంటర్‌లో ఎన్నో ఏళ్ళుగా ఇదే పని. ఎవరికి ఏ ఫలితం కావాలన్నా, ఏ ఆఫీసు కాగితం కావాలన్నా సుమలతను అడుగు అంటారు. పసుపు, ఆకు, మచ్చలు అని కొట్టాను. "ముఖం మీద మచ్చలు పోవాలంటే పసుపు ఇలా రాయండి" అని వచ్చింది. పంట అని కలిపి కొట్టాను. పసుపుతో చేసిన సబ్బు వచ్చింది. రాజలింగు మెడ చాచి తెర చూశాడు. ఒక అమ్మాయి చెంపలకు పసుపు పూసుకుని నవ్వుతోంది.

"నేనడిగింది నా చేనుకు బిడ్డా, నా మొఖానికి గాదు. నా మొఖం ఇగ ఎట్లున్నా నడుస్తది."

ఇద్దరం నవ్వాం. ఎంత కిందికి పోయినా పనికొచ్చేది ఒక్కటీ కనబడలేదు. ఆకు మళ్ళీ మడుచుకుని, మందుల దుకాణంలోనే అడుగుతాలే అని లేచాడు. వెతకడం తప్ప నాకు వేరే పని రాదు. ఆయన మెట్లు దిగేదాకా తలెత్తలేకపోయాను.

ఆగస్టు 22

ఇప్పుడు ఏ పేజీ తెరిచినా పక్కన బొంగు చికెనే కనబడుతోంది. నాకు అదంటే ప్రాణమని రాసుకున్నట్టుంది. మేము మాంసం తిని ఎన్నాళ్ళయిందో దానికేం తెలుసు.

సెప్టెంబర్ 2

రాజారాం సార్ నా వెనక నిలబడి చూశారు. ఆయన మంచివారే, కొత్తది ఏదొచ్చినా ముందు సంబరపడతారు.

"ఇంక గట్ల కిందికి కిందికి పోతున్నవేంది సుమలతా. ఇప్పుడు పైననే నెట్టే జవాబు రాసిస్తది. గది సదువుకుంటే అయిపాయె."

చదివాను. పైన రంగుల గీత గీసిన డబ్బాలో ఇలా ఉంది: "భోంగా అనేది బోధన్ ప్రాంతానికి చెందిన సంప్రదాయ తీపి వంటకం. దీన్ని చెరకు రసం, బియ్యప్పిండితో పండుగలకు తయారుచేస్తారు."

నేను పుట్టింది బోధన్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో. బాపు ఆ ఫ్యాక్టరీలోనే పని చేసి పోయాడు. అంత రుచికరమైన వంటకం మా ఇంట్లో ఎవరూ నాకు ఒక్క ముద్ద పెట్టలేదు.

"తప్పు సార్ ఇది" అన్నాను.

"మెల్లమెల్లగ నేర్చుకుంటది. దాన్ని గూడ జర ఓపిక పట్టాలె" అన్నారు, ఇంట్లోకి వచ్చిన కొత్త కోడలి గురించి చెప్పినట్టు.

సెప్టెంబర్ 3

అవ్వ అడిగింది. సర్వర్ డౌన్ అని చెప్పాను. సెంటర్‌కొచ్చిన వాళ్ళకు రోజూ చెప్పే మాటే. వాళ్ళలాగే తలూపి ఊరుకుంది.

సెప్టెంబర్ 9

దొరికింది. దొరకలేదు.

ఇవాళ వేరేగా ప్రయత్నించాను. శివ రాసిన మాటల్లో నాకు గుర్తున్నవే కొట్టాను. "మా ఇంట్ల గడియారం లేదు, మాకు భోంగనే గడియారం." వెంటనే ఒక వీడియో వచ్చింది. పేరు చూస్తే "బోధన్ ఫ్యాక్టరీ కన్నీటి కథ, చివరిదాకా చూడండి". బొమ్మలో ఉన్నది మా ఫ్యాక్టరీ కాదు, అసలు ఏ ఫ్యాక్టరీ కాదు. వెనక మంచుకొండలున్నాయి.

నొక్కాను. "హలో ఫ్రెండ్స్" అని ఒక మగగొంతు. తరువాత శివ మాటలు.

"పొద్దుగాల భోంగ కొట్టంగనే మా అవ్వ పొయ్యి అంటువెడుతుండె. రెండో భోంగకు బాపు సైకిల్ ఎక్కుతుండె. మూడో భోంగకు మేం లేస్తుంటిమి. మా ఇంట్ల గడియారం లేదు, మాకు భోంగనే గడియారం. ఫ్యాక్టరీ బందయినంక మా అవ్వ ఎప్పుడు లేవాలెనో తెల్వక రాత్రంత కూసునేది."

ఒక్క అక్షరం మార్చలేదు. వాడి పేరు ఎక్కడా లేదు. ఆ గొంతు మనిషిది కాదు, మిషన్‌ది, సెంటర్‌లో పనిచేసేదాన్ని, నాకు తెలుస్తుంది. నునుపుగా, తీయగా, ఊపిరి తీసుకోకుండా చదువుతోంది. భోంగా దగ్గర ఆగలేదు. అసలు ఎక్కడా ఆగలేదు. చివర "ఇంకో మంచి కథతో మళ్ళీ కలుద్దాం, అప్పటిదాకా జాగ్రత్త" అని సెలవు తీసుకుంది.

వాడిది నెట్టులో ఎక్కడా లేదట. వాడి దగ్గర ఎత్తుకెళ్ళింది మాత్రం అన్నిటికన్నా ముందుందట. ఫిర్యాదు పెట్టాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది.

ఇంత కోపం నాకు లారీ డ్రైవర్ మీద కూడా రాలేదు.

సెప్టెంబర్ 13

"దొరికిందానే" అని అడిగింది అవ్వ.

"దొరికింది" అన్నాను.

అబద్ధమేమీ కాదు. మాటలు వాడివే కదా.

సెప్టెంబర్ 16

ఆలోచిస్తే అంత పెద్ద సంగతి కాదనిపిస్తోంది. మాటలు వాడివి, ముచ్చట మా ఇంటిది. అవ్వకు ఎడమచెవి సరిగ్గా వినబడదు. ఒక్కసారి వింటుంది, బియ్యం ఇస్తుంది, మనసు కుదుటపడుతుంది. పండగ దాటాక అసలుది తీరిగ్గా వెతుకుతాను. హలో ఫ్రెండ్స్ దాటాక మొదలుపెట్టాలి, సెలవు తీసుకునే ముందే ఆపాలి. అంతే.

సెప్టెంబర్ 18

సెంటర్‌లో ఆపడం సాధన చేశాను. "రాత్రంత కూసునేది" అన్న మాట అయ్యీ అవగానే వేలు పెట్టాలి.

సెప్టెంబర్ 21

పెత్రమాస.

పొద్దున్నే అవ్వ తలంటుకుని, చాటలో బియ్యం, పప్పు, ఉప్పు, మిరపకాయలు, ఒక గుమ్మడికాయ ముక్క సర్దింది. అదే బీడీల చాట, కడిగి ఆరబెట్టి పసుపు రాసింది. బియ్యం తీసుకోవడానికి అయ్యగారు వచ్చే లోపే వినాలంది. శివ ఫోటో కింద గోడకు ఆనుకుని కూర్చుంది. ఫోన్ కుడిచెవికి పెట్టాను. హలో ఫ్రెండ్స్ దాటించే ఉంచాను.

మొదట ఏమీ లేదు. బాపు సైకిల్ దగ్గరికి వచ్చేసరికి అవ్వ మొహం మారింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చంటిపిల్లాడు నడవడం చూస్తున్న తల్లి మొహంలా ఉంది. ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయాను, వేలు పెట్టడం మరిచిపోయాను. మిషన్ గొంతు చివరిదాకా పోయి సెలవు తీసుకుంది.

అవ్వ ఫోన్ చేతిలోకి తీసుకుని కొంగుతో తుడిచింది.

"మల్ల కలుద్దాం అంటుండు. జాగ్రత్త అంటుండు."

నేను నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను.

"ఇన్నవా సుమా, ఎంత సాఫ్‌గ మాట్లాడుతుండో. చిన్నప్పుడు నాలికె మీద వస రాసిన. తేనె నాకిపిచ్చిన. సంకన ఏస్కోని బడాపహాడ్ దర్గా మెట్లెక్కిన. ఈడ ఉన్నన్ని దినాలు నత్తి పోకపాయె. ఆడికి పోయినంక పోయినట్టున్నది."

"అవ్వా, గది..."

"మస్తు బాధపడిండు వాడు నత్తితోని. నీకెరుకలేదు. బడినుంచి వచ్చి నా ఒళ్ళ మొఖం వెట్టుకోని ఏడుస్తుండె. పోనీ తీ, ఇప్పుడు మంచిగైండు."

బయట అయ్యగారు వచ్చారు. అవ్వ చాట ఎత్తుకుని గడప దాటింది. సాయంత్రం వీధిలో ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే వెళ్ళి అరుగు మీద కూర్చుంది. శివ పోయాక అవ్వ బతుకమ్మ దగ్గరికి వెళ్ళడం ఇదే మొదటిసారి.

సెప్టెంబర్ 22

చెప్పాలి.

సెప్టెంబర్ 24

రోజూ పొద్దున పెట్టమంటోంది. చాట ముందు కూర్చుని, ఫోన్ పక్కన పెట్టుకుని, వింటూ చుడుతోంది. చుట్టాల్సిన బీడీలు ముందుకన్నా తొందరగా అయిపోతున్నాయి. పక్కింటి ఆమెను కూడా పిలిచి వినిపించింది. ఆమె కళ్ళు తుడుచుకుని, నీ కొడుకు రేడియోలో మాట్లాడేటోని లెక్క ఉన్నడు భీమవ్వా అంది.

సెప్టెంబర్ 26

ఇవాళ బస్సులో కిటికీ పక్కన కూర్చుని శివ నన్ను పిలవడం గుర్తు చేసుకోబోయాను. రోజూ చేసే పనే, ఎవరికీ చెప్పను. "అక్కా" అని వినబడింది. ఎక్కడా ఆగకుండా, నునుపుగా, తీయగా. మిషన్.

మళ్ళీ ప్రయత్నించాను. అ, అ అని నేనే నోటితో అని చూసుకున్నాను. పక్కనున్నామె నావైపు తిరిగి చూసింది. రాలేదు. ఎంతసేపు వెతికినా ఆ నునుపైన గొంతే ముందు వస్తోంది. వాడిది దాని కింద ఎక్కడో ఉండే ఉంటుంది. నాకు భయం వేసింది.

ఆదివారం బోధన్ పోతాను. అక్కడ శివ స్నేహితుడు ఆత్మారాం ఉన్నాడు. మనుషుల్ని అడగవచ్చన్న సంగతి ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు. వెతకడమంటే కొట్టడమే అనుకున్నాను.

సెప్టెంబర్ 28

బోధన్ దారిలో రెండువైపులా వరి. ఒకప్పుడు ఈ కాలానికి బస్సు కిటికీకి చెరకు ఆకులు తగిలేవి. ఫ్యాక్టరీ పొగగొట్టం దూరం నుంచే కనబడింది. చిన్నప్పుడు అది కనబడితే ఇల్లు వచ్చేసినట్టే. ఇవాళ కిందికి చూస్తూ కూర్చున్నాను.

ఆత్మారాంది చిన్న మొబైల్ దుకాణం. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒకాయనతో మరాఠీలో చార్జర్ బేరం చేస్తున్నాడు. నన్ను చూడగానే స్టూల్ తుడిచి వేశాడు. విషయం చెప్పాను. మిషన్ గొంతు సంగతి చెప్పలేదు.

"శివ పేజీనా? మా దోస్తుల గ్రూపుల పంపిండు గదక్కా అప్పట్ల. నేనెందుకు తీసేస్త."

పాత మెసేజుల్లోకి పోయి పోయి ఒకచోట వేలు పెట్టాడు. పేజీ తెరుచుకుంది. అలాగే ఉంది. పైన వాడు తీసిన పొగగొట్టం ఫోటో, కొంచెం వంకరగా.

"పేజీ యాడికి పోలేదక్కా, ఆడనే ఉన్నది. సూపెట్టుడే బందువెట్టిండ్రు."

స్టూల్ మీద కూర్చుని విన్నాను. గాలి హోరు, ఎక్కడో మేక అరుపు. తరువాత వాడు. భ, భ, భ అని ఆగి, గుక్క తిప్పుకుని, మెల్లిగా భోంగా అన్నాడు. ఆ మాట దాటాక చిన్నగా నవ్వాడు, నవ్వు కూడా ఉంది అందులో, నేను మరిచిపోయాను. ఆత్మారాం అవతలికి తిరిగి ఏదో సర్దుతున్నట్టు నిలబడ్డాడు. నేను బాగా ఏడ్చాను. తరువాత అతనే ఆ గొంతును నా ఫోన్‌లోకి దించి ఇచ్చాడు.

తిరుగు బస్సులో శివ నన్ను పిలిచాడు. అ, అ, అక్కా.

సెప్టెంబర్ 29

పొద్దున చాట ముందుకు వచ్చి కూర్చోగానే అవ్వకు అసలుది పెట్టాను. ముందుగా ఏమీ చెప్పలేదు. వింటే తనకే తెలుస్తుంది, అప్పుడు మిగతాది నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను.

మొదటి భ దగ్గరే అవ్వ చేతులు ఆగిపోయాయి. గుర్తుపట్టింది. పట్టలేదని నేను అనలేను. వాడు ఇరుక్కున్న ప్రతిచోటా అవ్వ పెదవులు కూడా కదిలాయి, చిన్నప్పుడు వాడికి మాట అందించినట్టే. తునికాకు ఒళ్ళోంచి కింద పడింది. సగంలో ఫోన్ మీద చెయ్యి పెట్టి మూసింది.

"బంజెయ్యి బిడ్డా."

ఆపాను.

"గిది పాతది. గప్పుడు వానికి నత్తి ఉండె. సూడు, ఎంత తండ్లాడుతుండో ఒక్క మాటకు." అవ్వ ఏడుస్తోంది. పెత్రమాస నాడు ఏడవని మనిషి. "గిది నాకు ఇనిపియ్యకు. నేనినలేను. కొత్తది పెట్టు. మంచిగైనంక మాట్లాడింది."

కొత్తది అని ఏదీ లేదు అవ్వా, అది శివ కాదు, అది మనిషే కాదు. ఈ మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. చెబితే గొంతు ఒక్కటే పోదు. వాడు ఇంకోసారి పోతాడు, ఈసారి నత్తితోనే పోతాడు, నేనే పంపినట్టవుతుంది. నాకు ధైర్యం చాలలేదు. దొంగమాల్ ముందు తలవంచినట్టు అనిపించి నామీద నాకే అసహ్యం వేసింది.

వెతికి పెట్టాను. కొట్టగానే వచ్చింది, అన్నిటికన్నా ముందు.

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని చుట్టడం మొదలుపెట్టింది. భోంగా కొట్టింది, పొయ్యి అంటుకుంది, బాపు సైకిల్ ఎక్కాడు. నేను ఆపలేదు. మళ్ళీ కలుద్దాం, అప్పటిదాకా జాగ్రత్త అంది మిషన్.

"మంచిది బిడ్డా, కలుద్దాం" అంది అవ్వ.